ఎయిర్‌బ్యాగ్ పసుపుపచ్చ వైరు పట్టుకునే ముందు

2019 జులై నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ కార్లిప్పుడు ములకలపల్లి పామాయిల్ తోటల్లోనూ తిరుగుతున్నాయి. ట్రాక్టరు వైరింగు చేసిన చేత్తోనే మన కుర్రాళ్లు వాటినీ విప్పుతున్నారు. అందుకే ఈ ఐదు మాటలు.

1. అసలు వెలగని దీపాన్నే ఎక్కువ అనుమానించు.
తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. పాత కారు అమ్మేముందు ఆ బల్బు పీకించేవాళ్లుంటారు. చూసి కూడా నోరు మెదపని రోజులు నాకున్నాయి. ఆ బండ్లు కొన్నవాళ్లెవరో నాకిప్పటికీ తెలియదు.

2. బ్యాటరీ తీశాక కూడా ఆగు.
గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా బ్యాగు పేలాలని కంట్రోల్ బాక్సులో కెపాసిటర్లు కరెంటు దాచుకుంటాయి. నెగటివ్ తీసి, కంపెనీ పుస్తకంలో రాసినంతసేపు కూర్చో. ఇక మల్టీమీటరు సంగతి. దాన్ని బ్యాగుకు నేరుగా పెట్టకు, మీటరు పంపే కరెంటు చాలు అది పేలడానికి. బ్యాగు తీసి, ఆ చోట దాదాపు రెండు ఓమ్‌ల రెసిస్టరు తగిలించు. స్కానర్‌లో కోడు పోతే తప్పు బ్యాగుది, పోకపోతే వైరుదో బాక్సుదో. మరో తిరకాసుంది. చాలా బండ్లలో బాక్సు నుంచి కనెక్టరు ఊడదీయగానే లోపలి రేకు రెండు పిన్నులనూ కలిపేస్తుంది. అది భద్రత కోసం పెట్టింది. ఆ సంగతి తెలియక షార్టు అనుకుని, మంచి వైరింగును కోసేసినవాళ్లను చూశాను.

3. హారన్ మోగుతోందా అని అడుగు.
దీపం వెలుగుతూ హారన్ కూడా పలకకపోతే, స్టీరింగ్ కింది క్లాక్ స్ప్రింగులో రిబ్బను తెగి ఉండొచ్చు. ముందు అది చూడు.

4. సీటు కింద తడుము.
మన వైపు సీట్ల కింద పురుగుమందు డబ్బాలు తోస్తారు, ఎలుకలు అక్కడి వైర్లు కొరుకుతాయి. సీటు జరిపినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతుంటే తప్పు అక్కడే. కంట్రోల్ బాక్సు చాలా కార్లలో గేరు దగ్గర, నేలకు దగ్గరగా ఉంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలా వరదలో మునిగిన కార్లలో పిన్నులకు చిలుము పడుతుంది. ఆరబెట్టి బిగించడం వైద్యం కాదు, బాక్సు మార్చాల్సిందే.

5. పాత సామాన్ల కొట్టు బ్యాగు కొనకు.
టకాటా కంపెనీ బ్యాగుల్లో అమ్మోనియం నైట్రేటు వేడికీ తేమకూ చెడి, పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి జనం చచ్చిపోయారు. ఇక నువ్వు బయటికి తీసిన బ్యాగును బల్ల మీద కవరు పైకి ఉండేట్టు పెట్టు. బోర్లా పెడితే, పేలినప్పుడు మొత్తం ఎగిరి నీ మొహానికే తగులుతుంది.