వైరు తెగినా ఇంజిన్ బతకాలి!

శనివారం పొద్దున్నే కొత్త బూస్ట్ సోలనాయిడ్ చేతికొచ్చింది. మూడు పోర్టులు, రెండే రెండు వైర్లు. "పది నిమిషాల పనే" అనుకున్నారు కదూ?

ఆగండి. మార్చాల్సిన మొదటి పార్టు ఆ ఆత్రమే. మీరు మార్చగలరు!

ముందు అర్థం చేసుకోండి

ఇంటర్నల్ వేస్ట్‌గేట్ ఉన్న టర్బో కారునే తీసుకుందాం. టర్బో ఊదే ఒత్తిడే (అదే బూస్ట్) వేస్ట్‌గేట్‌ను తెరుస్తుంది. గేట్ తెరుచుకుంటే ఎగ్జాస్ట్ టర్బైన్ పక్కనుంచి తప్పుకుపోతుంది. బూస్ట్ అక్కడితో ఆగుతుంది.

గేట్‌కు వెళ్లే ఆ ఒత్తిడిలో కొంత పక్కకు మళ్లించడమే సోలనాయిడ్ పని. ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) దాన్ని సెకనుకు చాలాసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉన్న సమయం ఎంత శాతమో అదే డ్యూటీ సైకిల్.

మరి కరెంటు పోతే? గొట్టాలు సరిగా ఉంటే ఒత్తిడంతా గేట్‌కే చేరుతుంది. గేట్‌ను మూసి పట్టుకునే స్ప్రింగ్ స్థాయికి బూస్ట్ దిగిపోతుంది. ఫ్యూజ్ పోయినా ఇంజిన్ భద్రం. గొట్టాలు తారుమారైతే మాత్రం బూస్ట్ అదుపు తప్పుతుంది, పిస్టన్లకే ముప్పు.

ఈ రోజు పాఠం ఇదే. "ఎంత పెంచగలను?" అని అడిగే ముందు "తెగితే ఎటు పడతాను?" అని అడగండి.

ఐదు అడుగులు

1. కరెంటు ఆపండి. బ్యాటరీ నెగటివ్ తీశాకే వైరు ముట్టుకోండి.

2. కొలవండి. మల్టీమీటర్‌తో కాయిల్ చూడండి. 12 వోల్టులు, 5.4 వాట్ల కాయిల్ అయితే దాదాపు 27 ఓమ్స్ రావాలి. సున్నా దగ్గర ఉంటే షార్ట్. రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టే.

3. కలపండి. ఒక వైరు ఫ్యూజ్ దాటి వచ్చే ఇగ్నిషన్ 12 వోల్టులకు. రెండోది గ్రౌండ్‌ను స్విచ్ చేసే ఈసీయూ అవుట్‌పుట్‌కు. దాన్ని నేరుగా బాడీకి కలిపారో, వాల్వ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. మామూలు కాయిల్‌కు ప్లస్, మైనస్ పట్టింపు లేదు. లోపల డయోడ్ ఉంటే మాత్రం తప్పక చూసుకోండి. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి కార్లలో పాత సోలనాయిడ్ ప్లగ్‌లోనే రెండు వైర్లూ ఉంటాయి. గొట్టంలోని చిన్న రిస్ట్రిక్టర్ ఉంచాలా, తీయాలా అన్నది మాత్రం కిట్‌తో వచ్చిన బొమ్మ చూసే తేల్చుకోండి.

4. లాగి చూడండి. క్రింప్ చేసిన ప్రతి జాయింట్‌నూ గట్టిగా లాగండి. ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి. హీట్ ష్రింక్ వేయండి. వైర్లను టర్బో వేడికి దూరంగా కట్టండి.

5. సున్నా నుంచి మొదలుపెట్టండి. పాత ట్యూన్‌తో కొత్త వాల్వ్ నడపొద్దు. ముందు 0% డ్యూటీ. 7 పీఎస్ఐ స్ప్రింగ్ అయితే బూస్ట్ గేజ్ 7 దగ్గరే ఆగాలి. దాటిపోతోందా? వెంటనే యాక్సిలరేటర్ వదలండి, గొట్టాలు మళ్లీ చూడండి. ఆగిందా? డైనో మీద, ట్యూనర్ సాయంతో, కొద్దికొద్దిగా పెంచండి.

మూడు అలవాట్లు

- విప్పే ముందు ఫోటో. "నాకు గుర్తుంటుంది" అనే మాట ఈ రోజే మానేయండి. జ్ఞాపకం మోసం చేస్తుంది, ఫోటో చేయదు.

- ఒకసారికి ఒకటే మార్పు. వైరింగ్, గొట్టాలు, ట్యూన్ మూడూ ఒకేసారి ముట్టుకుంటే తప్పెక్కడో మీకే తెలియదు. ఆఫీసులోనూ అంతే, డైట్‌లోనూ అంతే.

- పడే చోటు ముందే సిద్ధం. ఉద్యోగం మారాలా? ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాకే రాజీనామా రాయండి. అది మీ స్ప్రింగ్. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బాధ ఉండదు.

దీన్ని పిరికితనం అనుకోకండి. కింద ఆసరా ఉందని తెలిసినవాడే ధైర్యంగా పైకెక్కుతాడు.

ఈ శనివారం సోలనాయిడ్ ప్లగ్ పీకేసి కారు తీయండి. గేజ్ ముల్లు స్ప్రింగ్ స్థాయి దగ్గర ఆగిందా? శభాష్! డ్యూటీ పెంచే అర్హత మీరు ఇప్పుడే సంపాదించారు.