మనోవ్యాధికి వైద్యం విశ్వాసానికి విరుద్ధమా?



మన నగరంలో ఎవరినైనా వెక్కిరించాలంటే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అంటాం. ఈ ఒక్క మాట ఎంతమందిని వైద్యానికి దూరం చేసిందో! చాదర్‌ఘాట్ నుంచి ఆ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి దారి కష్టమేమీ కాదు. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎర్రగడ్డలో దిగవచ్చు. అయినా మనవాళ్లకు అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. జ్వరం వస్తే ఆ పూటే ఉస్మానియాకు పరుగెత్తుతాం. పిల్లవాడు నెల రోజులుగా నిద్రపోకపోతే మాత్రం "నవదిన ప్రార్థనలు చేయించండి ఫాదర్" అని వస్తాం. తప్పకుండా ప్రార్థిస్తాను. డాక్టరు దగ్గరకు కూడా పంపుతాను.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీసి చదవండి. కర్మెలు కొండపై అంత విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. సర్వేశ్వరుడు "నీ విశ్వాసం ఏమైంది?" అని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూత ద్వారా రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. హోరేబు కొండమీద సంభాషణ నలభై రోజుల ప్రయాణం తర్వాతి మాట. పునీత తోమాసు అక్వినాసు వారు కూడా దుఃఖానికి మందులు చెబుతూ కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యధ్యానం వీటితో పాటు నిద్రనూ స్నానాన్నీ చేర్చారు. (సెమినరీలో ఈ భాగం వచ్చినప్పుడు తరగతి అంతా నవ్వేది.) శరీరమూ ఆత్మా కలిస్తేనే మనిషి అన్నది ఆయన తత్వం.

దిగులు అందరికీ కలుగుతుంది. కాని రెండు వారాలు దాటినా తగ్గకుండా, తిండి, నిద్ర, చదువు, పని అన్నిటినీ పాడుచేస్తుంటే అది జబ్బని అనుమానించాలి. ఎదిగే పిల్లల్లో అది ఏడుపుగా కాక విసుగుగా, కోపంగా కనిపించవచ్చు. ఆందోళన గుండెదడగా, ఊపిరాడనట్టుగా, బడికి బయలుదేరే వేళ కడుపునొప్పిగా రావచ్చు. దీన్ని సోమరితనమనీ నటన అనీ కొట్టిపారేయకండి.

సైకియాట్రిస్టు మందులు రాసే వైద్యుడు. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తాడు. ఆ చికిత్స సలహాలివ్వడం కాదు. "ఇంటర్ తప్పితే నా బతుకు ముగిసినట్టే" అనుకునే పిల్లచేత ఆ ఆలోచననే పరీక్ష చేయిస్తారు: దీనికి రుజువేమిటి? ఇదే మాట నీ స్నేహితురాలు అంటే ఏం చెబుతావు? భయపడే పనిని చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటి ఎక్కిస్తారు. వారం వారం, కొన్ని నెలలు పట్టవచ్చు. దిగులుకు ఇచ్చే మందులు పనిచేయడానికీ కొన్ని వారాలు కావాలి. నాలుగు రోజులకే "గుణం లేదు" అనీ, కాస్త తేరుకోగానే "ఇక చాలు" అనీ డాక్టరును అడగకుండా ఆపేయకూడదు.

కొందరు ఒకే పాపాన్ని మళ్లీ మళ్లీ పాపసంకీర్తనంలో చెబుతారు. క్షమాపణ పొందినా శాంతి దొరకదు. చేసిన తప్పుకు కలిగే పశ్చాత్తాపం వేరు, తప్పేమీ లేకుండానే "నేను పనికిరానివాణ్ణి" అని మనసును తొలిచే అపరాధభావం వేరు. రెండోది ఒప్పుకోవలసిన పాపం కాదు, చూపించుకోవలసిన జబ్బు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి ఇంటిమీద తీర్పు చెప్పకండి. తీవ్రమైన మానసిక కలతలు బాధ్యతను తగ్గించగలవనీ, వారి రక్షణ విషయంలో నిరాశ చెందరాదనీ 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం (2282, 2283) బోధిస్తున్నది. దేశ చట్టం కూడా 2017లో మారింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి తప్ప శిక్షించరాదంటుంది.

పిల్లల మీద అనుమానం కలిగితే సూటిగా అడగండి: "చనిపోవాలనిపిస్తోందా, నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాచుకున్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఇది 2022 అక్టోబరు నుంచి ఉన్నది.

డాక్టరు దగ్గరకు మొదటిసారి వెళ్లేటప్పుడు తల్లినొక్కదాన్నే పంపకండి. తండ్రీ, మీరూ ఒక పూట సెలవు పెట్టండి. లోపల డాక్టరు పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడతానంటే బయట బెంచీమీద కూర్చుని జపమాల చెప్పుకోండి. తిరిగి వచ్చేటప్పుడు "ఏం చెప్పావు?" అని గుచ్చిగుచ్చి అడగకండి.