మొప్పలు ఎత్తి చూడు, మొగమాటపడకు

సుజాతా,

జూన్ మొదట్లో ఖమ్మం వస్తున్నావని, చేపల మార్కెట్టూ పాత ఊరూ చూసుకుని మరునాడు భద్రాచలంలో మా ఇంటికి వస్తావని మీ అమ్మ చెప్పింది. మంచిదే. మృగశిర కార్తె రోజున మాత్రం మార్కెట్టుకు పోకు. ఏడునో ఎనిమిదినో పడుతుంది. ఆ రోజు చేప ముక్క నోట్లో పడాలని ఊరంతా అక్కడే ఉంటుంది. ఎంత చెబితే అంత పెట్టి కొంటారు, నీకు నిలబడే చోటు కూడా ఉండదు. ఒకటి రెండు రోజులు అటో ఇటో చూసుకుని తెల్లవారుజామునే వెళ్లు.

అక్కడ "తాజాదేనా?" అని అడక్కు. కాదని ఎవరు చెబుతారు? "ఏ నీళ్లది?" అని అడుగు. పాలేరుదా, వైరాదా, కైకలూరు చెరువుల నుంచి ఐసులో లారీ ఎక్కి వచ్చిందా? చెప్పే తీరులోనే సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి మొప్పలు ఎత్తి చూడు, మొగమాటపడకు. ఎర్రగా ఉంటే సరే, గోధుమరంగుకు తిరిగితే పక్క గంపకు నడువు.

బొచ్చె, రవ్వు ఎక్కడైనా చూడొచ్చు. కొర్రమీను అమ్మేచోట కాసేపు నిలబడు. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. బేసిన్‌లో నాలుగు వేళ్ల లోతు నీళ్లే ఉన్నా చావదు. మూతి పైకెత్తి ఓ గుటక గాలి మింగి మళ్లీ అడుగుకు పోతుంది. పట్టుకోబోతే బేసిన్ దాటి ఎగురుతుంది. అమ్మే ఆమె చేతికి బూడిద రాసుకుని తల దగ్గర అదిమి పడుతుంది, లేకపోతే ఆ జారుడుకు పట్టు చిక్కదు. తూకం నీ కళ్లముందు అయ్యాకే కోయించు. వానల ముందు చేపల్లో జన ఉంటుంది, అడిగి తీసుకో. అడగకపోతే ఒక్కోసారి కత్తిపీట పక్కనే ఉండిపోతుంది.

పులస ఉందని ఎవరైనా అంటే నవ్వి ముందుకు పో. అది వరద నీళ్లు వచ్చాక సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే చేప. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరం దగ్గరే దాని దారికి అడ్డం పడింది. గోదావరి ఒడ్డునే ఉన్నా మాకు కూడా పులస పేరుకే చుట్టం.

మార్కెట్టు అయ్యాక పాత ఊళ్లోని ఖిల్లా పొద్దెక్కకముందే ఎక్కెయ్, తర్వాత రాళ్లు కాలతాయి. దగ్గర్లోని జాఫర్ బావి మెట్లు కూడా చూడు. ఆ తర్వాత మున్నేటి వైపు బొక్కలగడ్డ సందుల్లోకి నడువు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి అక్కడి ఇళ్లలోకి వచ్చింది. గోడల మీద ఇంకా నీటి మరకలు కనిపిస్తే ఫోటోలు తీయకు. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు బురదలో పోయినవాళ్ల ఇళ్లవి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని నువ్వై అడక్కు. అరుగు మీది ముసలామె పలకరిస్తే కూర్చో, ఆమే చెయ్యెత్తి చూపిస్తుంది.

భద్రాచలంలో అయితే మొగమాటం లేకుండా అడగొచ్చు. ఇక్కడ గోదావరి వరదను అడుగుల్లోనే చెప్పుకుంటాం. 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986లో 75.6 దాకా వచ్చింది, 2022 జూలైలో 71.3. పిల్లలు పుట్టిన ఏడు తడుముకునేవాళ్లు కూడా ఈ అంకెలు టక్కున చెబుతారు. సాయంత్రం కరకట్ట మీదికి నేనే తీసుకెళ్తాను.

రైల్లో వద్దామనుకుంటే గుర్తుంచుకో, టికెట్టు మీద భద్రాచలం రోడ్ అని ఉన్నా ఆ స్టేషను కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి మాకు ఇంకో నలభై కిలోమీటర్లు. ఖమ్మంలో బస్సెక్కడమే మేలు. పచ్చి చేప మాత్రం వెంట తేకు, ఆ ఎండకు బస్సులో అందరూ నిన్నే చూస్తారు. ఎక్కగానే ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ