ఆట మీదే... మరి కంపెనీ?

ప్రశ్న: ఫాంటసీ గేమ్‌లు రూపొందించే కంపెనీ పెట్టాలని ఉంది. ఉద్యోగం మానేయనా? పెట్టుబడికి భాగస్వామిని చేర్చుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఫాంటసీ ఆట సృష్టికర్తల్లో ఒకరైన అమెరికన్ గ్యారీ గైగాక్స్ దారి చూడండి. బీమా ఉద్యోగం చేస్తూనే ఆయన ఆటలు అల్లారు. ఆ ఉద్యోగం పోయాక బూట్లు బాగుచేస్తూ ఇల్లు నెట్టుకొచ్చారు. 1968లోనే సొంత ఊరు లేక్ జెనీవాలో ‘జెన్ కాన్’ పేరుతో ఆటగాళ్లను కూడగట్టారు. అంటే కంపెనీ కంటే ముందే ఆడేవాళ్లను సంపాదించుకున్నారన్నమాట.

1973లో మిత్రుడు డాన్ కేతో కలిసి టీఎస్‌ఆర్ కంపెనీని స్థాపించారు. ఆట అచ్చుకు డబ్బు చాలక బ్రయాన్ బ్లూమ్‌ను భాగస్వామిగా చేర్చుకున్నారు. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి గైగాక్స్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెయ్యి ప్రతులతో బయటికొచ్చింది. 1975లో కే చనిపోయాక మెజారిటీ వాటా క్రమంగా బ్లూమ్ కుటుంబం చేతికి వెళ్లింది. రాయల్టీల కోసం ఆర్నెసన్ కోర్టుకెక్కారు. 1985లో గైగాక్స్ కంపెనీపై పట్టు కోల్పోయారు. ఆట మాత్రం నేటికీ నడుస్తోంది.

భాగస్వామిని తప్పక చేర్చుకోండి. కానీ ముందే మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి: ఎవరి వాటా ఎంత, ఒకరు తప్పుకున్నా మరణించినా ఆ వాటా ఎవరు కొనాలి, ఆట హక్కులూ రాయల్టీలూ ఎవరివి. స్నేహం ఎంత గట్టిదైనా సంతకాలు పెట్టించుకోండి.