తేటనీరంతా మంచినీరేనా?

ఇస్లాంలో శుచీశుభ్రతలు ఆరాధనలో భాగం. వుజూ లేనిదే నమాజు నెరవేరదు. నిద్ర లేచినవారు చేతులు కడుక్కోకుండా నీటిపాత్రలో ముంచరాదని దైవప్రవక్త (స) బోధించారు. గోళ్ళు తీయడం, మీసం కత్తిరించడం వంటి ఫిత్రత్ ధర్మాలను నలభై రోజులకు మించి వదిలేయరాదని గడువు కూడా పెట్టారు.

ఇతర చోట్ల పరిస్థితి ఎలా ఉండేది? వేడినీటి స్నానం చర్మరంధ్రాలను తెరచి ప్లేగును లోనికి రానిస్తుందని 16వ శతాబ్దపు ఐరోపా వైద్యులు నమ్మేవారు. 1567లో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ గ్రెనడాలోని ముస్లిం సంతతివారి స్నానశాలలను నిషేధించాడు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులను క్లోరిన్ ద్రావణంలో కడుక్కున్నాకే కాన్పులు చేయాలన్నాడు. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు.

ఇది చదివి గర్వపడే ముందు మన గోదావరి సీమను చూసుకుందాం. అదే 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయింది. కాలువ నీరే డెల్టా పల్లెలకు సాగునీరు, తాగునీరు అయింది. పెద్దలు ఆ నీటిని కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి తేర్చేవారు. మట్టి అడుగుకు దిగేది. నీరు తేటపడితే మంచిదైందని నమ్మేవారు. కానీ కలరా క్రిములు కంటికి కనబడవు. తేరిన నీటిని కాచి తాగితేనే రక్షణ.

ఇక్కడే మనలో కొందరు పొరబడతారు. పారే నీటిలో మాలిన్యం పడినా రంగు, రుచి, వాసన మారకుంటే అది వుజూకు పనికొస్తుందన్నది ఫిఖ్హ్ నియమం. అది తహారత్‌కు సంబంధించిన తీర్పే గాని, ఆ నీరు తాగవచ్చనే హామీ కాదు. కాలువలో చెత్త వేయడానికి అనుమతి అసలే కాదు. నీటిరేవుల్లో, దారిలో, జనం సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నిలిచిన నీటిలో మూత్రం పోయడాన్ని వారించారు.

సోదరులారా! మన వుజూ మనల్ని శుద్ధి చేస్తుంది. కానీ మనం కాలువలో పారేసిన చెత్త దిగువ ఊరివారి బిందెలోకి చేరితే, వారి హక్కుకు రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది మనమే. శరీరంతోపాటు పొరుగువారి నీటిని కూడా పరిశుభ్రంగా ఉంచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.