మొదట అడగవలసిన ప్రశ్న



ఇరవై ఏళ్ల క్రిందటి మాట. అప్పుడు నేను ఈ ప్రాంతంలోనే ఒక చిన్న విచారణలో ఉన్నాను. ఒక రాత్రి పదకొండు దాటాక ఎవరో తలుపు బాదారు. తీస్తే ఇద్దరు మగవాళ్లు, ఒక ముసలమ్మ. "సామీ, జీపు కావల్ల. మావోడిని నరికినారు. ఆసుపత్రికి ఎత్తకపోవల్ల" అన్నారు. ఊళ్లో నెల రోజులుగా రెండు వర్గాల మధ్య గొడవ నడుస్తోంది. నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరి మనిషి?" అని. మగవాళ్లు తల దించుకున్నారు. ముసలమ్మ నా ముఖంలోకి చూసి, "సామీ, నెత్తురు పోతాండాది" అంది.

జీపు తీశాను. ఆ మనిషి బ్రతికాడు. రెండవ వర్గం కుటుంబాలు కొన్ని ఆ తరువాత మూడు ఆదివారాలు గుడికి రాలేదు. అది నన్ను అంతగా బాధించలేదు. నా ప్రశ్నే బాధించింది. గురువిద్యాలయంలో ఏళ్ల తరబడి తత్త్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి నేను. ఏ ప్రశ్న ముందు, ఏది వెనుక అన్నది అక్షరం రాని ఆ తల్లి నాకు నేర్పింది. ఈ వారం ఆ పాఠాన్నే మీతో పంచుకుంటాను.

రెండు ప్రశ్నలు

మనిషి గాయపడినప్పుడు రెండు ప్రశ్నలు పుడతాయి. "ఎక్కడ దెబ్బ తగిలింది?" అన్నది వైద్యుని ప్రశ్న. "తప్పు ఎవరిది?" అన్నది న్యాయమూర్తి ప్రశ్న. రెండూ అవసరమే. న్యాయం అడగవద్దని ఎవరూ అనరు. కానీ న్యాయమూర్తి రేపు అడగవచ్చు, ఎల్లుండి అడగవచ్చు. వైద్యునికి రేపు లేదు. కాబట్టి అతని ప్రశ్నే ముందు రావాలి. యుద్ధాల్లో, అల్లర్లలో, అంటురోగాల్లో వైద్యసహాయం చేసేవారు పాటించే తటస్థత అంటే ఇదే. వారికి మంచిచెడులు తెలియవని కాదు. వరుస తప్పకూడదని వారి నియమం.

"హంతకుణ్ణి కూడా బ్రతికించాలా?" అని మీలో కొందరు అడుగుతారు. బ్రతికించాలి. చనిపోయినవాణ్ణి ఏ కోర్టూ విచారించలేదు. పైగా నెత్తురు కారుతున్న మనిషిని చూసి హంతకుడో కాదో తేల్చే అధికారం జీపు నడిపేవాడికి ఎవరిచ్చారు?

గుడిలో నేర్పిన పాఠం

ఈ నియమం పెద్ద సభల్లో పుట్టలేదు. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద ఒకవైపు ఫ్రెంచి, సార్డీనియా సేనలు, మరోవైపు ఆస్ట్రియా సేన తలపడ్డాయి. ఒక్కరోజులో దాదాపు 40,000 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. గాయపడినవారిని చుట్టుపక్కల ఊళ్లకు మోసుకొచ్చారు. కాస్టిలియోనే అనే ఊరిలో పెద్ద గుడి నిండిపోయింది. ఆ ఊరి ఆడవాళ్లు నీళ్లు, గుడ్డపీలికలు పట్టుకొని వచ్చారు. అందరూ సోదరులేనంటూ, ఆస్ట్రియా సైనికులకు కూడా కట్లు కట్టారు. వ్యాపారం పనిమీద అటు వెళ్లిన జెనీవావాసి హెన్రీ డ్యునాంట్ ఇది కళ్లారా చూశాడు, వారితోపాటు పనిచేశాడు. ఆయన రాసిన పుస్తకం ప్రేరణతోనే 1863లో రెడ్‌క్రాస్ సంఘం, 1864లో మొదటి జెనీవా ఒప్పందం వచ్చాయి. గాయపడినవారిని, రోగులను ఏ పక్షమని చూడకుండా కాపాడాలన్నది ఈనాడు అంతర్జాతీయ చట్టం. 1949 నాటి ఒప్పందాలను అమలు చేయడానికి మన పార్లమెంటు 1960లో చట్టం చేసింది.

చర్ల అడవుల దారిలో

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోకండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వా జుడుం మొదలైంది. ఆ రెండింటి మధ్య నలిగిన వేలాది గుత్తికోయలు ఊళ్లు వదిలి, అప్పటి మన ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, చర్ల అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. మలేరియా, పసిపిల్లలకు పోషకాహార లోపం. చాలామందికి రేషన్ కార్డు లేదు, దగ్గర్లో ఆసుపత్రి లేదు. 2006 నుండి "సరిహద్దులు లేని వైద్యులు" అనే అంతర్జాతీయ సంస్థ సరిహద్దుకు రెండువైపులా సంచార వైద్యశాలలు నడిపింది. 1971లో ఫ్రాన్సులో పుట్టి, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న సంస్థ అది.

దాని వైద్యశాలలోకి ఎవరూ తుపాకీతో రాకూడదు. వచ్చిన రోగిని మాత్రం ఏ పక్షమని అడగరు. ఇలా పనిచేసేవారిని ప్రతి పక్షమూ అనుమానిస్తుంది. శత్రువుకు మందు ఇస్తున్నారన్న నింద వారికి కూడా తప్పలేదు. నింద ఒక్కటే కాదు, ప్రాణాలు కూడా పోతాయి. 2015 అక్టోబరు 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందూజ్‌లో ఇదే సంస్థ ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసినప్పుడు రోగులు, సిబ్బందితో సహా 42 మంది మరణించారు.

రోగానికి మతం లేదు

యుద్ధం వెనుకే రోగం వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల దాదాపు కోటి మంది మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ వద్ద శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో త్రాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నూటికి నాలుగు కంటే తక్కువకు దిగాయి. ఆ ప్రాణాలు నిలిపినవారిలో ఎక్కువమంది డాక్టర్లు కారు. తల్లులు, అన్నలు, పక్కమంచం వాళ్లు.

మన సంగతి చూద్దాం. 2020 ఏప్రిల్‌లో కరోనా కేసుల్లో కర్నూలు జిల్లా రాష్ట్రంలోనే ముందుంది. అప్పుడు మనవాళ్లలో కొందరు రోగానికి మతం అంటగట్టారు. సాయిబుల అంగడిలో కొనవద్దన్న మాట నేనూ విన్నాను. అదే నెలలో కర్నూలులో డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారు కరోనాతో కన్నుమూశారు. ఇంత ఇమ్మని అడగకుండా, ఇచ్చినంత పుచ్చుకొని వైద్యం చేసిన ఆయనను జనం "రెండు రూపాయల డాక్టరు" అనేవారు. డెబ్బై దాటిన వయసులోనూ ఆయన రోగులను చూస్తూనే ఉన్నారు. మనం "ఎవరివల్ల వచ్చింది?" అని వాదించుకుంటుండగా, ఆయన "ఎక్కడ నొప్పి?" అని అడుగుతూ వెళ్లిపోయారు.

మన ఇళ్లలో

మనం యుద్ధరంగాలకు వెళ్లకపోవచ్చు. చాగలమర్రి మీదుగా హైవే పోతోంది, ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. ఊళ్లలో పాత పగలు పూర్తిగా చల్లారలేదు. కాబట్టి ఇవి తెలుసుకోండి.

గాయపడినవారిని చేరిస్తే కేసులో ఇరుక్కుంటామని భయపడవద్దు. సాయం చేసినవారిని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కాపాడుతుంది. మీ పేరు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. పోలీసు కాగితాలు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు ఇచ్చింది. 108కి ఫోను చేయండి. బండి రాకుండా ఏ వర్గంవారూ దారికి అడ్డుపడకుండా ఊరి పెద్దలు ముందే మాట తీసుకోవాలి.

నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలిపి త్రాగించండి. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఉప్పు ఎక్కువ కాకూడదు.

మంచి సమరీయుని కథ మనకందరికీ కంఠస్థమే. దారిలో పడి ఉన్నవాణ్ణి అతను ఏమీ అడిగినట్టు సువార్తలో లేదు. నూనె పోశాడు, కట్టు కట్టాడు, సత్రానికి చేర్చి డబ్బు ఇచ్చాడు.

మూడు ఆదివారాలు గుడికి రాని కుటుంబాల్లో ఒకరు, ఆ ఏడాది వానాకాలంలో జ్వరంతో సోలిపోయిన పాపను ఎత్తుకొని నా తలుపు తట్టారు. నేను ఏమీ అడగలేదు. తాళంచెవి తీసుకున్నాను.

కుటుంబంలో మాట్లాడుకోండి

1. మనతో మాటల్లేని ఇంట్లో రేపు ఎవరికైనా ఆపద వస్తే, మన ఇంటి బండి కదులుతుందా?
2. కరోనా రోజుల్లో మనం ఎవరిని దూరం పెట్టాం? వారితో ఆ తరువాత మాట కలిపామా?
3. ఓ.ఆర్.ఎస్. కలపడం మన పిల్లలకు వచ్చా?