మంటిమిద్దె

కర్నూలు జిల్లా పడమటి సీమలో, ఎమ్మిగనూరునకు పత్తికొండకు నడుమ, దేవనకొండ యను గ్రామము కలదు. ఆ ప్రాంతమున వానలు తక్కువ, ఎండలు మెండు. వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటుట అచట వింత కాదు. కోస్తా పల్లెలలో వలె తాటియాకులతోను వరిగడ్డితోను ఇండ్లు కప్పుకొనుటకు ఆ సీమలో తాటితోపులును వరిమళ్లును విస్తారముగా లేవు. అచట ప్రకృతి ఇచ్చినవి రాయి, మన్ను, కొద్దిపాటి కలప. ఆ మూటితోనే అచటి పూర్వులు ఒక గృహమును కల్పించిరి. అదియే మంటిమిద్దె.

మంటిమిద్దె గోడలను రాతితోను అడుసుతోను మిక్కిలి మందముగా కట్టుదురు. గోడలపైనను కంబములపైనను దూలములు నిలుపుదురు. దూలములపై దంతెలను, దంతెలపై పలకలనో, పుల్లలనో, బండలనో పఱతురు. వానిపై మట్టిని మందముగా పోసి, అన్నింటికంటె మీద చౌడుమన్ను వేసి, తడిపి, కొట్టి గట్టిపఱతురు. నీరు నిలువకుండుటకు కప్పును కొంచెము వాలుగా దిద్ది, అంచున రాతి దోనెలు పెట్టుదురు. కప్పు నడుమ గవాచి యను చిన్న రంధ్రమును విడుతురు. వెలుతురు దానిగుండ లోనికి దిగును. పొయ్యి పొగ దానిగుండ పైకి పోవును. వాన వచ్చినప్పుడు దానిపై బండ మూయుదురు.

ఈ కట్టడమునకు ప్రాణము చౌడుమన్ను. చేనిలో చౌడు కనబడినచో రైతు దిగులు చెందును. ఆ మన్నులో సోడియపు లవణములు అధికముగా నుండును. తడిసినంతనే దానిలోని సన్నని రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులను పూడ్చివేయును. అందుచేత నీరు క్రిందికి దిగదు. నీరు దిగని నేలలో వేరు దిగదు, పైరు బ్రతుకదు. కాని కప్పునకు కావలసిన గుణము కూడ అదియే. వాననీరు లోనికి ఇంకదు. గడ్డి సులభముగా మొలవదు. కావున వేళ్లు కప్పును తొలువవు. చేనికి దోషమైనది ఇంటికి గుణమయ్యెను. రైతును కష్టపెట్టిన నేలయే రైతు తలపై గొడుగై నిలిచెను. దీనిని కనిపెట్టినది ఏ ఒక్క శిల్పియు కాదు, తరతరముల అనుభవము.

మందమైన మన్ను వేడిమిని మెల్లగా గ్రహించి, మెల్లగా విడిచిపెట్టును. పగటి ఎండ కప్పును దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దు క్రుంకును. అప్పటికి ఇంటివారు మంచములతో, చాపలతో మిద్దెపైకి చేరి చల్లగాలిలో నిద్రింతురు. నడివేసవిలోను పగటివేళ ఇల్లు చల్లగా నుండును. నేలలో గుంత త్రవ్వి మగ్గమును నిలుపుకొని నేసెడి వానికి కూడ ఈ చల్లదనము మేలే. పొడిగాలికి నూలు పెళుసై తెగును, చెమ్మగాలికి మెత్తనై నిలుచును.

అయినను మంటిమిద్దె దోషములు లేనిది కాదు. అది మనుష్యుని శ్రద్ధను కోరును. ఏటేట వానకాలమునకు ముందు క్రొత్త చౌడు పోయవలెను. వాన కురియుచుండగనే ఒకరు మిద్దె యెక్కి, కారుచున్న చోట మన్ను త్రొక్కవలెను. ముసురు పట్టి నాలుగు దినములు విడువనిచో కప్పు బరువెక్కును. దూలము చెడినదైనచో ప్రాణములకే ముప్పు. పైగా వానలు లేని సంవత్సరములలో ఈ ప్రాంతపు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వలస పోవును. చూచువారు లేని మిద్దె ఎంతకాలమో నిలువదు. దూలములకు కలపయు కరవైనది. అందుచే జనులు సిమెంటు కప్పులను కోరుట సహజము. వారిని తప్పుపట్టుటకు వీలు లేదు. కాని పలుచని సిమెంటు కప్పు మధ్యాహ్నమునకే కాగి, రాత్రి చాల ప్రొద్దు పోవువఱకు ఇంటిలోనికి వేడిని క్రుమ్మరించును. కారుట తప్పినది, ఉడుకుట మొదలైనది.

అట్లయిన మనుష్యునకు, ప్రకృతికి, యంత్రయుగపు నేర్పునకు పొత్తు కుదురదా? కుదురునని నిరూపించిన కట్టడము ఒకటి పుదుచ్చేరిలో నున్నది. దాని పేరు 'గోల్కొండ్'. శ్రీ అరవిందాశ్రమవాసుల నివాసమునకై 1937లో దాని నిర్మాణము ఆరంభమయ్యెను. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము ప్రభుత్వమునుండి ధనసహాయము లభించుటచే, తెలుగునాట వజ్రములకు ప్రసిద్ధి కెక్కిన గోల్కొండ పేరు దానికి పెట్టబడెను. ఆంటొనిన్ రేమండ్ దాని శిల్పి. జార్జి నకషిమా, ఫ్రాంతిషెక్ సామర్ అనువారు అచటనే నిలిచి పని నడిపించిరి. ఆశ్రమవాసులే కూలీలై శ్రమించిరి.

ఆ కట్టడము ఉక్కు, సిమెంటులతో కట్టినదే. అయినను అది ఎండను, గాలిని మరచి కట్టినది కాదు. దాని పొడవైన ముఖములు ఉత్తర దక్షిణములకు తిరిగియున్నవి. వానికి అద్దపు కిటికీలకు మారుగా, అడ్డముగా అమర్చిన పలకలు కలవు. వానిని చేతితో త్రిప్పి గాలిని రానీయవచ్చును, వానను ఆపవచ్చును. కప్పు రెండు పొరలు. నడుమ గాలి ఆడును. ఇరువైపుల తోటలు చల్లనిగాలికి దారి చూపును. మంటిమిద్దెలో మన్ను చేసిన పనిని ఇచట గాలి చేయుచున్నది.

ఇట్టి మార్గముననే నడచిన మఱియొక శిల్పి లారీ బేకర్. ఆయన 1917లో ఇంగ్లండులో జన్మించి, 2007లో తిరువనంతపురమున కన్నుమూసెను. 1940 దశకములో బొంబాయియందు గాంధీజీని కలసికొన్నప్పుడు, ఐదుమైళ్ల లోపల దొరకు వస్తువులతోనే ఇల్లు కట్టవలెనను మాట ఆయన మనసున నాటుకొనెను. ఆయన కేరళలో పేదలకు చవుకగా, చల్లగా నుండు ఇండ్లు కట్టెను. ఇటుకల నడుమ ఖాళీ విడిచి గోడలు లేపెను. సిమెంటు కప్పు అడుగు భాగమున పాత పెంకులను ఇమిడ్చి, సిమెంటు ఖర్చును తగ్గించెను. అట్టి కప్పు కారదు. వట్టి సిమెంటు కప్పు వలె కాగదు.

మంటిమిద్దెకును ఐదుమైళ్లు చాలును. దాని రాయి సమీపపు గుట్టది. దాని మన్ను ఊరి చివరి చౌడునేలది. దానిని కట్టినవారు గాంధీజీ మాటను వినినవారు కారు. ఎండను, వానను, నేలను ఎఱిగినవారు. ఈ ఎండ ఎటనుండి వచ్చును? ఈ గాలి ఎటు వీచును? ఈ నేల ఏమి ఈయగలదు? ఇంటిని కాపాడుకొనుటకు ఇంటివారికి తీరిక కలదా? మొదటి మూడు ప్రశ్నలకు మంటిమిద్దె చక్కగా సమాధానము చెప్పినది. నాలుగవ దానికి మాత్రము నేడు చెప్పలేకున్నది. రేపటి గృహశిల్పి ఆ నాలుగింటికిని సమాధానము చెప్పవలెను. వలసనుండి తిరిగివచ్చిన కుటుంబమునకు కప్పు కూలని ఇల్లు కావలెను. ఆ కప్పు క్రింద వారు పగలు చల్లగా కూర్చుండవలెను.